ఎంతిస్తుంది, ఎంత తాగుతుంది

పొద్దున్నే గరాజ్ తలుపు పైకి లేచేలోపు నా చూపు స్పీడోమీటర్ పక్కనున్న చిన్న అంకె మీదికి పోతుంది. 17.4. గ్యాలనుకు పదిహేడు మైళ్ల పైచిలుకు. నిన్న సాయంత్రం బండి ఆపినప్పుడూ అదే అంకె. రాత్రంతా బండి కదల్లేదు కాబట్టి అంకె మారే అవకాశమే లేదు. అయినా చూస్తాను, బరువు తగ్గాలనుకునేవాడు నిద్రలేవగానే తూకం మిషను ఎక్కినట్టు. 17.6కి చేరిన రోజు ఎవరికీ చెప్పను గానీ, ఆ పూట కాఫీ కాస్త బాగుంటుంది. 17.1కి పడితే నిన్న ఏ సిగ్నలు దగ్గర అనవసరంగా తొక్కానా అని దారంతా నెమరేసుకుంటాను. ఇంటి అప్పు, రక్తంలో చక్కెర, అమ్మాయి కాలేజీ ఫీజు... ఇంతకన్నా నన్ను భయపెట్టాల్సిన అంకెలు బోలెడున్నాయి. వాటిని నెలకోసారి కూడా తెరిచి చూడనివాణ్ని దీన్ని రోజుకు నాలుగుసార్లు ఎందుకు చూస్తున్నట్టు?

బండి ఎఫ్-150 పికప్పు, ఎనిమిది సిలిండర్లది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. డాలస్‌కి ఉత్తరాన మేముండే చోట వీధిలో ప్రతి మూడో ఇంటి ముందూ ఇలాంటిదొకటి గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉంటుంది. అమెరికాలో 1977 నుంచి ఎక్కువ అమ్ముడుపోయే ట్రక్కులు ఈ ఎఫ్ వరసవేనంటారు. ఎందుకు కొన్నావని మా ఆవిడ అడిగితే కంచె వేయించుకోవాలి, మట్టి తెచ్చుకోవాలి అన్నాను. కొన్న ఏడాదిలో దాని వెనక ఎక్కించినవి ఒక సోఫా, ఒక పాత ఫ్రిజ్, వినాయక చవితికి మా కాలనీ గణపతి. నిమజ్జనం నాడు నడిచే జనంతో సమానంగా, ఏసీ వేసుకుని, గంటన్నర సేపు పాకించాను. ఆ రోజు అంకె ఎంతకు పడిందో దేవుడికే తెలుసు, ఆయన వెనకే ఉన్నాడు కాబట్టి. మిగతా రోజుల్లో దాని మీద నేను వేసే లోడు లాప్‌టాప్ సంచి. అదీ వెనక కాదు, ముందు సీట్లో.

నాన్న విమానం దిగి వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరుని కాలితో తన్ని చూశాడు. వెనక తొట్టి మీద అరచెయ్యి వేసి గోడ మందం చూశాడు. ఇరవై రెండు గంటల ప్రయాణం, రెండేళ్ల తర్వాత కొడుకు. మొదటి మాట: "ఎంతిచ్చిద్దిరా?"

నేను మైళ్లని కిలోమీటర్లు చేసి, గ్యాలన్లని లీటర్లు చేసి, కొంచెం సిగ్గుపడి, "లీటరుకు ఏడున్నర" అన్నాను. నిజానికి 7.4. గ్యాస్ బండి అని అంతకు ముందు ఫోన్లో చెప్పాను కాబట్టి ఆయన సిలిండరు ఎక్కడుందని వెతికాడు. ఇక్కడ పెట్రోలునే గ్యాస్ అంటారని తెలిశాక, "మూడు టన్నులేసుకుని మన నిస్సానే ఎనిమిదిచ్చేది గదరా" అన్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు: "ఇందులో ఏం లోడేస్తావ్?"

బెంజి కారు కొన్నవాణ్నయినా సరే, ఎంతిస్తుందని అడక్కుండా వదిలే తెలుగువాడు నాకింతవరకు తగల్లేదు. 1985లో హీరో హోండా సీడీ-100 వచ్చాక ఈ ప్రశ్నకి మన ఇళ్లలో ఒక పీట పడిపోయింది. బండి రంగు, పికప్పు, అందం అన్నీ దాని తర్వాతే. ఆ క్రియే నాకు గమ్మత్తుగా ఉంటుంది. ఇవ్వడం. మనం బండిని గేదెను అడిగినట్టు అడుగుతాం. పాలెన్నిస్తుంది, మైలేజీ ఎంతిస్తుంది. ఇచ్చేదే మంచి బండి. బండి మీద కోపం వచ్చినప్పుడు మాత్రం క్రియ మారుతుంది. ఇదేం బండిరా, తాగుతోంది అంటాం. తాగుబోతు మొగుడి గురించి ఎలా చెబుతామో అలా, గొంతు తగ్గించి. ఒకే బండి, ఒకే నూనె. ఒక క్రియ సంతలో గట్టిగా చెప్పుకునేది, ఇంకోటి ఇంట్లో గొణుక్కునేది. ఈ రెండు మాటల మధ్య ఏదో ఉందని చాలా రోజులు అనుమానంగా ఉండేది, ఏమిటో తెలిసేది కాదు.

ముందు అంకె పెంచడానికి నేను పడిన పాట్లు చెప్పాలి. టైర్లలో గాలి. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది, ఎంత గాలి ఉండాలో దాని మీద రాసుంటుంది. నవంబరులో ఒక్కసారిగా చలి దిగిన ఉదయం నాలుగు టైర్లూ మూడేసి పాయింట్లు తగ్గి కనిపించాయి. బయటి వేడి పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే గాలి ఒక పాయింటు పడుతుంది. గాలి కొట్టించాను, అంకె కదిలినట్టే అనిపించింది. పాత ఫ్రిజ్ తాలూకు ఇనప చట్రాలు, సగం వాడిన సిమెంటు సంచీ వెనక పడి ఉంటే తీసేశాను. ఎండాకాలం ఆఫీసు కిటికీలోంచే రిమోట్ నొక్కి బండి చల్లబరిచే అలవాటు మానుకున్నాను, అది మాత్రం నిజంగా త్యాగం. నిలబడ్డ ఇంజను గంటకు అర గ్యాలను దాకా కాలుస్తుందట. ఎయిర్ ఫిల్టరు కొత్తది వేశాను. ఆ ఇరవై డాలర్లూ దండగ. కార్బొరేటర్ల కాలంలో ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ పోయేదేమో గానీ, ఇప్పటి ఇంజన్లలో ఎంత గాలి వస్తే అంతకు తగ్గ ఇంధనాన్ని కంప్యూటరే కొలిచి వదులుతుంది. మురికి ఫిల్టరుతో బండి ఊపు తగ్గుతుంది, మైలేజీ పెద్దగా మారదు. పల్లం వస్తే న్యూట్రల్ చేసి జార్చడం మన లారీల దగ్గర చూసి నేర్చుకున్న విద్య. అదీ ఇక్కడ తిరగబడింది. గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇప్పటి ఇంజను ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే పాపం అది తన ప్రాణం నిలుపుకోవడానికి తాగాల్సి వస్తుంది.

అన్నిటికన్నా నాకు తిక్క పుట్టించింది వెనక డోరు. తొట్టి డోరు దించేస్తే గాలి అడ్డు లేకుండా పోతుంది, మైలేజీ పెరుగుతుంది అని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది. వారం రోజులు నోరు తెరుచుకున్న బండితో ఆఫీసుకు పోయాను. అంకె పెరక్కపోగా రెండు పాయింట్లు జారింది. గాలి సొరంగాల్లో పెట్టి చూసినవాళ్లు ఎప్పుడో తేల్చిన సంగతి ఇది. డోరు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరిగి ఒక దిండులా నిలబడిపోతుంది, క్యాబిన్ మీదుగా వచ్చే గాలి ఆ దిండు మీద నుంచి జారిపోతుంది. డోరు దించితే దిండు చెదిరి, బండిని వెనక్కి లాగే గాలి పెరుగుతుంది. చదివి నమ్మాను. కానీ నా రెండు పాయింట్లు ఆ సుడిగాలివేనా? ఆ వారం వాన పడింది, 380 నంబరు హైవే మీద రోడ్డు పనులు జరిగాయి, ఒకరోజు ఆలస్యమై నేనే తొక్కాను. ఇంత చిన్న అంకెలో ఏది గాలిది, ఏది నా కాలిది అని ఎవరు విడదీయగలరు?

గాలి సంగతి నాన్నకి ఏ సొరంగమూ చెప్పలేదు. మాది ఆల్విన్ నిస్సాన్. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాను కంపెనీతో కలిసి జహీరాబాద్‌లో తయారుచేసిన వ్యాను. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి పోయింది గానీ మా ఊళ్లో అలాంటి ప్రతి బండినీ ఇప్పటికీ నిస్సానే అంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వినుకొండ వైపు నుంచి గుంటూరు యార్డుకి మిరపకాయలు. డెబ్భై టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎక్కించాక లోడు క్యాబిన్ కన్నా ఎత్తు లేచేది. అప్పుడు పట్టా కప్పి, మోకు బిగించే పని. నాన్న ఒక పక్క చక్రం మీద కాలు తన్నిపెట్టి లాగేవాడు, నేను పైన టిక్కీల మీద బోర్లా పడుకుని మూలలు సర్దేవాణ్ని. కింద నుంచి ఘాటు లేచి కళ్లు, ముక్కు ఏకమయ్యేవి. తుమ్మితే ఆగేది కాదు. నేను తుమ్ముతూ కట్టిన మూల ఎప్పుడూ వదులే. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయాక నాన్న రేడియో ఆపి, అద్దం దించి, తల కాస్త బయట పెట్టి వినేవాడు. పట్టా టపటపా కొట్టుకుంటుంటే బండి పక్కకి తీసేవాడు. "దిగు. అది కొట్టుకున్నంతసేపూ డీజిలు తాగుద్ది." మళ్లీ మోకు విప్పి, మళ్లీ కట్టి. ముళ్లు పడిన చోట ఆయన బొటనవేలు తెల్లగా అయ్యేది. యాభై దాటి నడపడమూ ఉండేది కాదు. పెట్రోలు పొదుపు ప్రచారాల్లో గంటకు 45-55 కిలోమీటర్లే మేలు అని చెప్పేవాళ్లు. ఆయనకది ప్రచారం కాదు, జేబు.

ఆ వేగం సంగతే ఇక్కడ కొరుకుడు పడదు. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. గంటకు 65 మైళ్లలో పోయే బండి 75 అందుకుంటే గాలి మూడో వంతు ఎక్కువ అడ్డుకుంటుంది, అందులోనూ పికప్పు అంటే తలుపు చెక్కని నిలువునా పట్టుకుని పరిగెత్తినట్టే. కాబట్టి టోల్‌వే మీద కుడి పక్క లైనులో 65లో పోవడం మొదలుపెట్టాను. అంకె నిజంగా పెరిగింది అందుకే, 15 నుంచి 17 దాటిందంటే అందులో అధిక భాగం నా కుడికాలి మడమదే. కానీ నా వెనక పడినవాళ్ల లైట్లు అద్దంలో పెద్దవవుతూ, పక్కకి తప్పుకుని, ఒక చూపు విసిరి పోతుంటే ఏదో నేరం చేస్తున్నట్టుంటుంది. 1973 చమురు కొరత తర్వాత ఇదే దేశం మొత్తానికి 55 మైళ్ల పరిమితి పెట్టుకుంది, 1974లో నిక్సన్ సంతకంతో. 1995లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఆస్టిన్ దిగువన 130 నంబరు టోల్ రోడ్డు మీద 85 రాసుంటుంది, దేశంలో అంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. ఇరవై ఏళ్లు కాలు బిగపట్టిన దేశం మళ్లీ వదిలేసింది.

అసలు ఇంత పెద్ద బండ్లే ఎందుకు, మన నిస్సాన్ అంతది ఎందుకు దొరకదు అని నాన్న అడిగాడు. అమెరికా కోళ్ల మీద యూరప్ సుంకం వేసినందుకు కోపమొచ్చి 1964 నుంచి అమెరికా వాళ్లు బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద నూటికి 25 సుంకం వేశారు, కోళ్ల గొడవ సద్దుమణిగినా సుంకం పోలేదు అని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. కోళ్ల దగ్గర మొదలైన తగువు పొలం గట్టు దాకా రావడం పల్నాడువాడికి కొత్త కాదు. 1975లో మైలేజీ చట్టం చేసినప్పుడు ట్రక్కులకి కార్లతో కలపకుండా వేరే పంక్తి వేశారు, ఆ పంక్తిలో వడ్డన ఎప్పుడూ కాస్త ఉదారమే. ఇంకా బరువైన పికప్పులకైతే షోరూంలో అద్దం మీద మైలేజీ కాగితమే అంటించరు. ఎంతిస్తుందని అడగడానికే వీల్లేని బండి!

ఈ మధ్యలో ఒక రాత్రి ఆ రెండు క్రియల మీద నా అనుమానం తీరింది. డ్యూక్ యూనివర్సిటీలో రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు 2008లో ఒక పరిశోధన పత్రం రాశారు. వాళ్లు చెప్పింది చిన్న లెక్కే. గ్యాలనుకు ఎన్ని మైళ్లు అని కొలవడంలోనే మోసం ఉందట. మా ఆవిడ పాత కారు 40 ఇచ్చేది, ఇప్పుడు హైబ్రిడ్ 50 ఇస్తోంది. పది పెరిగింది. నా బండి 15 నుంచి 17.4కి వచ్చింది. రెండున్నర కూడా పెరగలేదు. ఇంట్లో ఎవరు గొప్ప? ఇప్పుడు నూరు మైళ్లకు ఎంత తాగాయో చూడండి. ఆమెది రెండున్నర గ్యాలన్ల నుంచి రెండుకు, అర గ్యాలను మిగిలింది. నాది 6.7 నుంచి 5.7కి, మిగిలింది దాదాపు ఒక గ్యాలను. నేను గెలిచాను. గెలిచానని కంచం ముందు చెబితే, "మిగిలింది సరే, ఇంకా తాగుతున్నదాని మాటేంటి?" అంది. నా పక్కన ఇడ్లీ నములుతున్న మామగారు కోడలి పక్షం.

అంటే ఎంతిస్తుంది అని అడిగినంతసేపూ తేడా కళ్లకు ఆనదు, ఎంత తాగుతుంది అని అడిగితేనే తెలుస్తుంది. 2013 మోడళ్ల నుంచి షోరూం కాగితం మీద నూరు మైళ్లకు ఎన్ని గ్యాలన్లో కూడా చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. యూరప్‌లో చాలా దేశాల్లో ఇదే తరహా కొలత. మనవాళ్ల గొణుగుడులో ఉన్న క్రియే సరైందన్నమాట. ఇది నేనేదో కనిపెట్టినంత సంబరంగా నాన్నకి వివరిస్తే, ఆయన అర్థం కానట్టు చూశాడు. "మనం ఎప్పుడన్నా లీటరు లెక్క రాశామా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఎరువుల కొట్టువాళ్లు జనవరిలో ఇచ్చే డైరీలో ఆయన రాసుకునే లెక్క: తేదీ, గుంటూరు, టిక్కీలు 70, డీజిలు 20. పక్కన ఇంకో గడి: రిటర్ను. తిరుగు ప్రయాణంలో ఎరువు బస్తాలో, సిమెంటో దొరికితే ఆ గడిలో అంకె, దొరక్కపోతే సున్నా చుట్టి దాని చుట్టూ ఇంకో గీత. ఎంతిచ్చిద్ది అని ఊళ్లో అందరినీ అడిగే మనిషి సొంత డైరీలో మాత్రం టిక్కీకి ఎంత తాగిందనే చూసుకున్నాడు. పావు లీటరు పైచిలుకు. సున్నాలున్న వారం ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడేవాళ్లం కాదు.

ఆ లెక్కలో నా బండిని పెడదామని చూశాను. రోజుకు ముప్పై ఎనిమిది మైళ్లు, రెండు గ్యాలన్ల పైన. టిక్కీలు: సున్నా. సున్నాతో భాగిస్తే ఏమొస్తుందో ఆరో తరగతిలోనే చెప్పారు. మూడు పాయింట్ల గాలి, ఒక సిమెంటు సంచీ, కుడికాలి మడమ... వీటితో నేను చక్కదిద్దుతున్నది ఏ భిన్నం? పైన అంకెను గీకి గీకి తోముతున్నాను, కింద ఏమీ లేదు. 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త బొగ్గు గురించి రాస్తూ, ఇంజను పొదుపరి అయినకొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతుందన్నాడు. నా సంగతి నేను చూసుకున్నా అంతే. అంకె 17 దాటాక, "ఇప్పుడు బాగానే ఇస్తోంది కదా" అని ఆదివారాలు పనిలేకుండా అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాను. మరి అమ్మేసి చిన్న కారు కొనొచ్చుగా? కొనొచ్చు. ఆ మాట రాస్తుంటేనే నాకు పట్టా చప్పుడు వినబడుతుంది. నేను కొన్నది ట్రక్కు కాదేమో, టిక్కీల మీద బోర్లా పడుకునే ఎత్తేమో. దానికి ఏ కొలత పెట్టాలో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు.

నాన్న వచ్చిన మూడో వారం పెరట్లో పలుగుతో రెండు దెబ్బలు వేసి, మట్టి పిడికిట్లో పిసికి, "ఇది మన నల్లరేగడేరా" అన్నాడు. నిజమే, డాలస్ చుట్టుపక్కల అంతా నల్లరేగడే. ఎండకు అదే తీరున బీటలు వారుతుంది, ఆ బీటలకే ఇక్కడ ఇళ్ల పునాదులు కదులుతాయి. మిరప వేస్తానన్నాడు. చివికిన ఎరువు కావాలన్నాడు. శనివారం పొద్దున పదకొండు మైళ్ల దూరంలో కంపోస్టు అమ్మే యార్డుకి పోయాం. పొక్లెయిను తొట్టినిండా ఎత్తి ఒక్కసారిగా గుమ్మరిస్తే బండి వెనక భాగం నాలుగు వేళ్లు కిందికి కుంగింది. నాన్న నడుం వంచి, స్ప్రింగు పట్టీల వైపు చూసి, ఇంకాస్త పడుతుందన్నట్టు వాడికి చెయ్యి ఊపాడు. వాడు నావైపు చూశాడు. నేను చాలన్నాను. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, నైలాను తాడు నేను కడితే నాన్న విప్పి మళ్లీ కట్టాడు.

ఇంటికొచ్చేసరికి ఆ ట్రిప్పు అంకె 15.7. ఈ మధ్య ఏ రోజూ చూడని పాతాళం. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే ఆయన అంకె వంక చూడనేలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, రానూ పోనూ ఎన్ని మైళ్లు, ఎంత తాగిందో లీటర్లలో చెప్పమన్నాడు. ఇరవై రెండు మైళ్లు, అయిదుంపావు లీటర్లు. రాసుకున్నాడు. ఎరువు, 1 లోడు. తర్వాత గడి దగ్గర పెన్ను ఆపి, "అటు పోయేటప్పుడు ఖాళీగా పోయాం గదా" అన్నాడు. ఎదురింటి వాళ్లు చెట్టు కొట్టించి కొమ్మలన్నీ రోడ్డు వారగా పోగేసి ఉన్నాయి. ఆయన చూపు అక్కడుంది. "ఆ యార్డులో కొమ్మలు తీసుకుంటారా? ఎరువు చేసేది వాటితోనే గదా."

తీసుకుంటారు నాన్నా, కాకపోతే దింపినందుకు మనమే డబ్బులు కట్టాలి అన్నాను.

"లోడు మనదే, డీజిలు మనదే, కిరాయి కూడా మనమే ఇయ్యాలా?" అన్నాడు. ఇది డీజిలు కాదు నాన్నా అందామనుకున్నాను. ఆయన అప్పటికే ఆ గడిలో సున్నా చుట్టి, దాని చుట్టూ ఇంకో గీత గీస్తున్నాడు.